మచ్చే కదా అని ఊరుకోవద్దు!

మన ఇళ్లలో ఒంటికొచ్చే ప్రతి బాధకీ ఒక పేరు ముందే సిద్ధంగా ఉంటుంది. మూత్రం రంగు మారిందా, "వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగు". కళ్లు తిరిగాయా, "రక్తం తక్కువ, బెల్లం ముక్క తిను". కడుపులో నొప్పా, "వాయువు, కాస్త వాము నమిలి వేణ్ణీళ్లు తాగు". ఒంటి మీద కమిలిన మచ్చ కనిపించిందా, "ఎక్కడో తగిలించుకునుంటావు, చూసుకోలేదు". చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. కానీ ఈ నాలుగు బాధలూ ఒకే మనిషికి, మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం నాలుగు పేర్లు చాలవు. వాటన్నిటికీ కలిపి ఒకే పేరు ఉండొచ్చు. అలాంటి ఒక అరుదైన రక్తవ్యాధి గురించి, అది చర్మం మీద పెట్టే గుర్తుల గురించి నాలుగు మాటలు చెబుదామని ఈ వ్యాసం.

ఆ జబ్బుని డాక్టర్లు పి.ఎన్.హెచ్. అంటారు. పూర్తిపేరు పారాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా. ఏటా పదిలక్షల మందిలో ఒకరికో ఇద్దరికో కొత్తగా వస్తుంది. అంత అరుదైన జబ్బు మనకెందుకు, అనుకోకండి. మా ఇంట్లోకే వచ్చేదాకా నేనూ దాని పేరు వినలేదు.

మూడు బాధలు, ముగ్గురు డాక్టర్లు

మా చిన్నాన్న కూతురు గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో స్కూలు టీచరు. ముప్పై రెండేళ్లుంటాయి. ఒక్కతే ఆడపిల్ల. ఎప్పుడు ఫోన్ చేసినా "నీరసంగా ఉందక్కా" అనేది. హీమోగ్లోబిన్ ఏడు, ఏడున్నర. ఐరన్ మాత్రలు వాడింది, ఐరన్ సూదులు వేయించుకుంది, గోంగూర, తోటకూర, దానిమ్మ, ఖర్జూరం అన్నీ తిన్నది. కాస్త పెరగడం, మళ్లీ పడిపోవడం. నెలసరి ఎక్కువవుతోందేమోనని ఒక డాక్టరమ్మ దానికి మందులిచ్చారు. మధ్యమధ్యలో కడుపునొప్పి వస్తే ఇంకో డాక్టరు గ్యాస్ మాత్రలు రాసిచ్చారు. ఎవరి వైద్యం వాళ్లు సరిగానే చేశారు, తమకి చెప్పినంతవరకు.

వాళ్లకి చెప్పనిది ఒకటుంది. కొన్నాళ్లు పొద్దున్నే మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చేది. మధ్యాహ్నానికి మామూలైపోయేది. "ఐరన్ మాత్రల వల్లేమో అనుకున్నా. ఒక్కోసారి నెలసరి ముందుగా వచ్చిందేమో అనుకున్నా. అయినా అలాంటివి ఎవరితో చెప్తామక్కా?" అంది తర్వాతెప్పుడో.

ఆ పైన మచ్చలొచ్చాయి. మొదట జబ్బ మీద. అరచేయంత వెడల్పు, ఎర్రగా మొదలై వంకాయ రంగుకి తిరిగి, కాస్త ఉబ్బి, బట్ట తగిలినా మండేది. నాలుగు రోజులకి వీపు మీద ఇంకొకటి. దెబ్బేమీ తగల్లేదు. స్కూల్లో తోటి టీచరు ఆ మచ్చ చూసి, చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి "మీ ఆయనా?" అని అడిగిందట. పాపం ఆవిడ మంచికే అడిగింది. కానీ ఆ రోజు నుంచి మా పిల్ల ఎండాకాలంలో కూడా మోచేతి చేతుల జాకెట్లు వేసుకోవడం మొదలుపెట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్లినా కొంగు కప్పుకునే వెళ్లేది. వాళ్లాయన మెత్తని మనిషి. చూపిద్దాం పద అని ఆయనంటే, "చూపిస్తే నిన్నే అనుకుంటారు" అనేది. మొగుణ్ణి కాపాడుకోవడం కోసం జబ్బుని దాచిపెట్టిందన్నమాట!

చివరికి అది బయటపడింది బి.పి. చూసే పట్టీ వల్ల. పట్నంలో ఒక పెద్దాసుపత్రిలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు బి.పి. చూడటానికి జాకెట్టు చెయ్యి పైకి జరపమన్నాడు. పట్టీ బిగించగానే ఆమె కెవ్వుమంది. అతను మచ్చ చూశాడు. కాగితాలన్నీ తిరగేశాడు. "అమ్మా, పొద్దున్నే మూత్రం ఏ రంగులో వస్తుంది?" అని అడిగాడు. రెండేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. వారం తిరిగేసరికి రోగం పేరు తేలింది.

పేరులో ఉన్న కథ

ఆ పొడుగాటి పేరుకి అర్థం తేలికే. ఉండుండి, రాత్రిపూట, మూత్రంలో హీమోగ్లోబిన్ పోవడం. 1882లో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో పాల్ స్ట్రూబింగ్ అనే డాక్టరు ఒక రోగిని శ్రద్ధగా గమనించాడు. అతను బండ్లు చేసే వడ్రంగి, ఇరవై తొమ్మిదేళ్లవాడు. నిద్ర లేచాక అతని మూత్రం నల్లగా వచ్చేది, పగటికి తేటపడేది. మూత్రపిండాల్లో పుండు లేదు, రాయి లేదు. రక్తకణాలు రక్తనాళాల్లోనే చితికిపోయి, వాటిలోని ఎర్రరంగు మూత్రంలోకి దిగుతోందని స్ట్రూబింగ్ సరిగ్గానే కనిపెట్టాడు. 1937లో అమెరికాలో థామస్ హామ్ అనే డాక్టరు, రోగి రక్తకణాల్ని కాస్త పులుపు చేసిన సీరంలో వేస్తే అవి పగిలిపోతాయని చూపించాడు. చాలా ఏళ్లపాటు ప్రపంచమంతా ఈ జబ్బుని 'హామ్ పరీక్ష'తోనే పట్టుకుంది.

ఈ పేరుతో ఒక చిక్కు కూడా ఉంది. కణాలు చితకడం రాత్రిపూటే కాదు, పగలూ రాత్రీ జరుగుతూనే ఉంటుంది. రాత్రంతా మూత్రం నిలవుండి చిక్కబడుతుంది కాబట్టి పొద్దున రంగు బాగా తెలుస్తుంది, అంతే. పైగా రంగు మారడం అందరిలోనూ కనిపించదు. మూత్రం మామూలుగానే ఉంది కదా, ఈ జబ్బు కాదులే అనుకోవడానికీ లేదు.

మేకులు లేని గోడ

అసలు ఒంట్లో ఏం జరుగుతుంది? మన రక్తంలో 'కాంప్లిమెంట్' అనే రక్షణదళం ఒకటుంది. బయటి నుంచి వచ్చే సూక్ష్మజీవుల్ని చిల్లులు పొడిచి చంపడం దాని పని. ఆ దళం మన సొంత కణాల జోలికి రాకుండా ప్రతి రక్తకణం పైనా కాపలా ప్రోటీన్లుంటాయి. వాటిలో ముఖ్యమైనవి సి.డి.55, సి.డి.59. ఈ కాపలాదారులు కణం పైపొరకి ఒక చిన్న కొక్కెంతో తగులుకుని ఉంటారు. గోడకి మేకు కొట్టి పటం తగిలించినట్టు.

పి.ఎన్.హెచ్. ఉన్నవాళ్లలో ఎముక మూలుగలోని ఒక మూలకణంలో, ఆ కొక్కెం తయారుచేసే జన్యువు చెడిపోతుంది. దాని పేరు పిగ్-ఎ. జపాన్‌లో తారో కినోషితా బృందం 1993లో దీన్ని బయటపెట్టింది. ఆ మూలకణం నుంచి పుట్టిన రక్తకణాలన్నీ కొక్కేల్లేకుండానే పుడతాయి. మేకుల్లేని గోడకి పటాలెక్కడ తగిలిస్తాం? కాపలా లేదు కాబట్టి సొంత దళమే సొంత కణాల్ని పొడిచేస్తుంది. రక్తహీనత అందుకే. చితికిన కణాల్లోంచి బయటపడిన హీమోగ్లోబిన్, నాళాల్నీ పేగుల్నీ వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ని పీల్చేసుకుంటుంది. కడుపు మెలిపెట్టడం, కొందరికి మింగేటప్పుడు గొంతు పట్టేయడం అందువల్లే. మా చెల్లెలి 'గ్యాసు' అసలు రంగు ఇదన్నమాట.

రక్తం పలచనైందిగా, గడ్డకట్టడమేమిటి?

ఇక్కడే మనలాంటివాళ్లకి తికమక. రక్తమే తక్కువైనప్పుడు గడ్డలెలా కడతాయి? గడ్డ అంటే సెగగడ్డ కాదు, నాళంలో రక్తం పెరుగులా తోడుకుపోవడం. కాపలా లేని ప్లేట్‌లెట్ల మీద కూడా కాంప్లిమెంట్ దాడి చేస్తుంది. అవి రెచ్చిపోయి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గడం దీనికి తోడు. అందువల్ల హీమోగ్లోబిన్ ఏడున్న మనిషిలో కూడా రక్తం గడ్డకడుతుంది.

ఆ గడ్డలు మామూలుగా కాళ్లలో వచ్చేవాటిలా మాత్రమే ఉండవు. ఎవరూ ఊహించని చోట్ల కడతాయి. కాలేయం సిరల్లో, పేగుల సిరల్లో, మెదడు సిరల్లో, చర్మంలోని సన్నని సిరల్లో. చర్మంలో కట్టినప్పుడు ఆ మేర ఎర్రగానో ఊదాగానో తేలి, ఉబ్బి, నొప్పి పెడుతుంది. ఒక్కోసారి వీపంతా, తొడంతా పరుచుకోవచ్చు. కొందరికి కొద్దిరోజుల్లో దానంతటదే తగ్గుతుంది. కొందరికి బొబ్బలెక్కి, మధ్యలో నల్లబడి, చర్మం చచ్చిపోయి పుండవుతుంది.

తగ్గిపోయింది కదా అని ఊరుకునే మచ్చ కాదిది. చర్మం మీద కట్టిన గడ్డ మన కంటికి కనిపిస్తుంది. కాలేయంలో కట్టేది కనిపించదు. రక్తంలో గడ్డకట్టే గుణం మొదలైందని లోపలి అవయవాల తరఫున చర్మం ముందుగా చెబుతున్నదని అనుకోవాలి. లండన్ డాక్టర్లు 1995లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త మందులేవీ లేని రోజుల నాటి 80 మంది రోగుల్ని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో 39 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు గడ్డలు కట్టాయి. సగంమంది రోగం తేలాక పదేళ్లు మించి బతకలేదు. ఈ జబ్బులో ప్రాణం తీసేది చాలావరకు రక్తహీనత కాదు, గడ్డలే. అదే అధ్యయనంలో మనసుకి ఊరటనిచ్చే మాట కూడా ఒకటుంది. ఆ రోజుల్లోనే 22 మంది పాతికేళ్లకి పైగా బతికారు. 12 మందికి జబ్బు దానంతటదే తగ్గిపోయింది.

కమిలిన మచ్చకీ, దీనికీ తేడా

చిన్న చిన్న మచ్చలు మనందరికీ వస్తుంటాయి. బీరువా తలుపు తగిలితే, బస్సులో కడ్డీ తగిలితే కమిలిపోతుంది. ఆ మచ్చ చర్మంతో సమంగా ఉంటుంది, నొక్కితే కాస్త నొప్పి. రోజులు గడిచేకొద్దీ ఆకుపచ్చగా, పసుపుగా మారి రెండు వారాల్లో మాయమవుతుంది. దానికి భయపడక్కర్లేదు.

దెబ్బ తగలకుండా వచ్చిన మచ్చ, ముట్టుకుంటే తేలినట్టుగా ఉండి బాగా నొప్పి పెట్టే మచ్చ, గంటగంటకీ పెరిగే మచ్చ, బొబ్బ తేలిన లేక మధ్యలో నల్లబడిన మచ్చ - వీటిని అదే రోజు డాక్టరుకి చూపించాలి. అలా వచ్చిన ప్రతి మచ్చా పి.ఎన్.హెచ్. కాదు. ప్లేట్‌లెట్లు తగ్గినా, రక్తం గడ్డకట్టే తీరులో వేరే లోపాలున్నా, నాళాల వాపు వల్లా మచ్చలు రావచ్చు. ఏదైనా సరే, ఇంట్లో పసుపు రాసి కూర్చునే సంగతి కాదు. గట్టిగా రుద్దడం, కాపడం పెట్టడం అసలే వద్దు.

ఈ జబ్బు ఉందని తెలిసినవాళ్లకి కడుపు ఉబ్బి తీవ్రంగా నొప్పి పెట్టినా, ఎన్నడూ లేనంత తలనొప్పితో వాంతులైనా, చూపు మసకబారినా, ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారనిద్దాం అనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

పరీక్ష చిన్నదే

మన దేశంలో ఆడవాళ్లకి రక్తహీనత వింతేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అందరికీ ఉన్న జబ్బు వెనక ఎవరికో ఉన్న జబ్బు దాక్కోవడం సులువు. ఐరన్ బాగా వాడినా హీమోగ్లోబిన్ నిలవకపోతే, ఇంకా ఏదైనా ఉందేమో చూడమని అడిగే హక్కు మనకుంది.

ఎల్.డి.హెచ్. అనే మామూలు రక్తపరీక్ష బాగా ఎక్కువగా వస్తే, రక్తకణాలు చితుకుతున్నాయన్న అనుమానానికి అది ఒక ఆధారం. మూత్రం ఎర్రగా ఉన్నా మైక్రోస్కోపులో ఎర్రకణాలు కనిపించకపోవడం మరో ఆధారం. హామ్ పరీక్ష స్థానంలో వచ్చిన 'ఫ్లో సైటోమెట్రీ' రోగాన్ని ఖాయం చేస్తుంది. చేతి నుంచి కొద్దిగా రక్తం తీస్తే చాలు, కాపలా ప్రోటీన్లు లేని కణాలెన్నో లెక్కతేలుస్తుంది. ఎముక మూలుగ ఎండిపోయే ఎప్లాస్టిక్ ఎనీమియా ఉన్నవాళ్లకీ, ఊహించని చోట రక్తం గడ్డకట్టినవాళ్లకీ కూడా ఈ పరీక్ష చేయించాలి.

మందులున్నాయి, ధర గురించి కూడా చెప్పాలి

ఎకులిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కి అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది. అది కాంప్లిమెంట్ దళాన్ని అడ్డుకుంటుంది. కణాలు చితకడం, గడ్డలు కట్టడం బాగా తగ్గిపోయి, ఈ జబ్బు ఉన్నవాళ్ల ఆయుష్షు మారిపోయింది. అయితే 2010లో ఒక అమెరికన్ పత్రిక దాన్ని ప్రపంచంలోకెల్లా ఖరీదైన మందుగా లెక్కగట్టింది. ఏడాదికి 4,09,500 డాలర్లు! ఆ తర్వాత మరికొన్ని మందులొచ్చాయి. నోటితో వేసుకునే ఇప్టకోపాన్‌కి 2023 డిసెంబరులో అమెరికాలో అనుమతి దొరికింది. ఈ తరహా మందులు వాడేవాళ్లకి మెదడువాపు తెచ్చే మెనింగోకాకస్ సూక్ష్మజీవి నుంచి ముప్పు ఎక్కువ. అందుకే ముందుగా టీకా వేస్తారు. ఆ తర్వాత కూడా ఎప్పుడు జ్వరం వచ్చినా తేలిగ్గా తీసుకోకూడదు.

జబ్బుని మొదలంటా తీసేసేది ఎముక మూలుగ మార్పిడి ఒక్కటే. అందులో ప్రాణాపాయమూ ఉంది కాబట్టి అందరికీ చేయరు. తోడబుట్టినవాళ్ల మూలుగ పూర్తిగా సరిపోయే అవకాశం ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు. వెల్లూరు సి.ఎం.సి.లో మూలుగ మార్పిడి 1986 నుంచి జరుగుతోంది. హైదరాబాదు నిమ్స్‌లో కూడా రక్తవ్యాధుల విభాగముంది. మనవాళ్లు వెతుక్కుంటూ వెళ్లగలిగే చోట్లే ఇవి.

పెద్ద మందు అందనివాళ్లకి చేసేదేమీ లేదనుకోవద్దు. అవసరమైనప్పుడు రక్తం ఎక్కించడం, ఫోలిక్ యాసిడ్, గడ్డలకి రక్తం పలచబరిచే మందు - ఇవి మన జిల్లాల్లోనూ దొరుకుతాయి. మా చెల్లెలు ఇప్పుడు ఈ దారిలోనే ఉంది. వాళ్ల అన్నయ్య మూలుగ సరిపోతుందేమో చూస్తున్నారు. మచ్చలు తగ్గాయి, వీపు మీద ఒక నల్లచార మిగిలింది. సెలవులు పెట్టుకుంటూనైనా స్కూలుకి వెళుతోంది.

వంటింట్లో చూసుకోవలసింది కూడా ఉంది. వార్ఫరిన్ అనే మందు వాడుతుంటే ఆకుకూరలు ఒక వారం గంపెడు, ఇంకో వారం అస్సలు లేకుండా తినకూడదు. వాటిలోని విటమిన్-కె మందు బలాన్ని మార్చేస్తుంది. రోజూ ఇంచుమించు ఒకే పాళంలో తినాలి. ఇక ఐరన్ సంగతి. మూత్రంలో ఐరన్ పోతూ ఉంటుంది కాబట్టి చాలామందికి అది అవసరమే. కానీ ఐరన్ మొదలుపెట్టాక కొత్త కణాలు ఎక్కువగా పుట్టి, అవీ చితికి, కొన్నాళ్లు మూత్రం రంగు పెరగొచ్చు. మాత్రలు మనంతట మనం ఆపేయకుండా డాక్టరుకి చెప్పాలి. ఐరన్ మాత్రలకి మలం నల్లబడటం మామూలే. మూత్రం డికాక్షన్‌లా రావడం మామూలు కాదు.

ఆడవాళ్లు తప్పక తెలుసుకోవలసినవి

వరలక్ష్మీ వ్రతమనో, తిరుపతి ప్రయాణమనో, ఇంట్లో పెళ్లనో నెలసరి వాయిదా మాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవడం మనకి అలవాటైపోయింది. ఒకసారి రక్తం గడ్డకట్టినవాళ్లు, గడ్డకట్టే జబ్బున్నవాళ్లు అవి డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు. ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలకీ ఇదే మాట. దేవుడికి మన బాధ తెలుసు, ఒక పూజ తప్పినా ఏమీ అనుకోడు.

గర్భం, ప్రసవం మరీ జాగ్రత్తగా ఉండాల్సిన సమయాలు. మామూలు బాలింతకే రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. ఈ జబ్బుంటే ఇంకా ఎక్కువ. ఒకప్పుడు గర్భం వద్దనే గట్టిగా చెప్పేవారు. ఎకులిజుమాబ్ వాడుతూ గర్భం ధరించిన 61 మంది వివరాలు 2015లో ఒక వైద్యపత్రికలో వచ్చాయి. వాళ్ల 75 గర్భాల్లో ఒక్క తల్లి ప్రాణం కూడా పోలేదు. అలాగని అందరూ ధైర్యం చేయమని కాదు. ముందే రక్తవ్యాధుల డాక్టరుతో, ప్రసవం చేసే డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాలి. వార్ఫరిన్ వాడేవాళ్లు గర్భం వచ్చిందన్న అనుమానం రాగానే చెప్పాలి. అది కడుపులోని బిడ్డకి మంచిది కాదు, బదులుగా హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకొకటుంది. మా చెల్లెలి రోగం పేరు తేలగానే వాళ్లత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "పుట్టింట్లో ఎవరికైనా ఉందా? పెళ్లికి ముందు నుంచే ఉందా?" చిన్నమ్మ ముఖం చిన్నబోయింది. జవాబు డాక్టరే చెప్పారు. ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు. పుట్టాక, పెద్దయ్యాక, మూలుగలోని ఒక కణంలో జరిగే మార్పు. తల్లి నుంచి రాదు, బిడ్డకి పోదు, అంటుకోదు. ఆవిడ పాపం అర్థం చేసుకున్నారు. ఇప్పుడు ఆసుపత్రికి తోడెళ్లేది ఆవిడే. కానీ ఎన్ని ఇళ్లలో ఆ ప్రశ్న దగ్గరే వైద్యం ఆగిపోతుందో! అందుకే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. జన్యువు చెడటం అంటే వంశం చెడటం కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

డాక్టరు ముందు కూర్చోగానే మనకి సగం సంగతులు గుర్తుకురావు, మిగతా సగం చెప్పబుద్ధి కాదు. కాబట్టి ఇంట్లోనే ఒక కాగితం రాసుకోండి. ఎన్నాళ్ల నుంచి నీరసం, ఏ ఏ మందులు వాడారు, హీమోగ్లోబిన్ ఎప్పుడెంత ఉంది. పొద్దున, సాయంత్రం మూత్రం వేరువేరుగా తెల్లని గాజుసీసాల్లో పట్టి రంగు చూసుకోండి. బీట్‌రూట్ తిన్నారా, నెలసరి రోజులా అన్నది కేలండరులో గుర్తు పెట్టండి. మచ్చ కనిపిస్తే తారీఖుతో సహా సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆసుపత్రికి వెళ్లేసరికి అది తగ్గిపోయినా ఫొటో చెబుతుంది. పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకెళ్లండి. కడుపునొప్పి ఒక డాక్టరుకి, నీరసం ఇంకొకరికి, మచ్చ ఎవరికీ కాకుండా, అన్నీ ఒకరికే, ఒకేసారి చెప్పండి.

ఎదుటివాళ్ల చేతి మీద మచ్చ చూసినప్పుడు మనం చేయగలిగింది కూడా ఉంది. జవాబు మనమే ఊహించేసుకుని "మీ ఆయనా?" అంటే, నిజంగా దెబ్బలు తిన్నావిడా చెప్పదు, జబ్బున్నావిడా చెప్పదు. ఇద్దరూ కొంగు కప్పుకుంటారు. "నొప్పిగా ఉందా? ఎప్పుడొచ్చింది? డాక్టరు దగ్గరికి నేను తోడు రానా?" అని అడిగి చూడండి. ఏ కారణంతో వచ్చిన మచ్చయినా, ఆ మాటతో బయటికొస్తుంది.